నిలిచిన బండిలో తిరుగు మీటరు

విదేశయానమునకు దినము నిశ్చయమైన యింట పెట్టెల తూకము సరిచూచుకొనుట యొక యెత్తు, శంషాబాదు దాక కారు మాటాడుకొనుట యొక యెత్తు. సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని ఈ మాటాడుకొనుటకు ఒక పద్ధతి కలదు: కారు ఎవరిది, డ్రైవరు ఎవరి కొడుకు, కిలోమీటరుకు ఎంత, డ్రైవరు బత్తా అందులోనే కలిసినదా వేరా, కొర్లపహాడులోను పంతంగిలోను టోలుగేటు పైకము ఎవరు పెట్టుకొందురు, దింపి వచ్చుటయేనా లేక రానుపోను లెక్క కట్టుదురా అను సంగతులన్నియు బండి కదలకముందే, ఇంటి ముంగిట నిలుచుండియే, తేలిపోవును. ఒకసారి తేలిన పిమ్మట సంక్రాంతి రద్దీలో పంతంగి దగ్గర గంటసేపు బండ్లు నిలిచిపోయినను డ్రైవరు పైసా పెంచి అడుగడు, ఎక్కినవారు పైసా తగ్గించి ఈయరు. ఆ గంట ఎవరి ఖాతాలోనికి పోయినదో ఎవరును ఆలోచింపరు.

అట్టి గృహస్థుడే మరునాడు న్యూయార్కు నగరమందలి కెన్నెడీ విమానాశ్రయమున దిగి, వరుసలో తనవంతు వచ్చుదాక నిలిచి, పసుపుపచ్చని టాక్సీ యెక్కి, క్వీన్సు భాగముననున్న కుమారుని యింటికి పోవుచు, ఎర్రదీపము వద్ద బండి కదలక మెదలక నిలిచియుండగా మీటరుమీది అంకె మాత్రము డెబ్బది సెంట్లు ముందునకు గెంతుట చూచి ఉలికిపడును. కదలని బండికి కిరాయి యేమి? ఈ ప్రశ్నను అమాయకపు ప్రశ్న యని త్రోసివేయుట తగదు. మీటరను యంత్రముయొక్క శాస్త్రమును, దానిని చేయించిన లోకముయొక్క అర్థశాస్త్రమును ఆ యొక్క గెంతులోనే ఇమిడియున్నవి.

టాక్సీ నడపువానికి ఖర్చులు రెండు తీరులవి. పెట్రోలు, టైరు, ఇంజను అరుగుదల అనునవి దూరమును బట్టి పెరుగును. కారు మీది అప్పు వాయిదా, బీమా, తన దినవెచ్చము అనునవి బండి నడచినను నడవకున్నను గడియారమును బట్టి పెరుగును. దూరమునకు మాత్రమే కిరాయి కట్టినచో రద్దీలో చిక్కుకొన్న గంట యంతయు డ్రైవరు నష్టము. కాలమునకు మాత్రమే కట్టినచో నిదానముగా పోవుటయే అతనికి లాభము. కనుక మీటరు ఈ రెండింటి నడుమ రాజీ చేయును. న్యూయార్కులో 2022 డిసెంబరున సవరింపబడిన ధరల ప్రకారము ఎక్కగానే 3 డాలర్లు. ఆ తరువాత బండి వేగముగా పోవునపుడు ప్రతి మైలులో అయిదవ వంతునకు, అనగా సుమారు 322 మీటర్లకు, 70 సెంట్లు. మెల్లగా పోవునపుడు గాని నిలిచినపుడు గాని ప్రతి నిమిషమునకు అదే 70 సెంట్లు. ఏది వేగము, ఏది మెల్లన యని తేల్చు హద్దు ఈ రెండు అంకెలలోనే దాగియున్నది: నిమిషమునకు మైలులో అయిదవ వంతు చొప్పున నడచు బండి గంటకు 12 మైళ్లు, మన లెక్కలో 19 కిలోమీటర్లకు కొంచెము పైన పోవును. అంతకంటె వేగము హెచ్చినచో మీటరు చక్రము మాట వినును. తగ్గినచో గడియారము మాట వినును. టోక్యోలో ఈ హద్దును గంటకు 10 కిలోమీటర్లుగా పెట్టుకొన్నారు.

పూర్వపు యాంత్రిక మీటరు లోపల ఈ నిర్ణయము ఎట్లు జరిగెడిదో చూచినచో దానిని కల్పించినవారి నేర్పునకు ముచ్చట కలుగును. అంకెలను త్రిప్పు ఇరుసు ఒక్కటే. దానిని త్రిప్పుటకు వచ్చు శక్తులు రెండు. గేరుపెట్టె నుండి మెలికలు తిరుగుచు వచ్చు ఉక్కుకేబులు ఒకటి, కమానుతో నడచు గడియారము రెండవది. సైకిలు తొక్కుట మానినను వెనుక చక్రము తనంత తాను పరుగెత్తునట్లు చేయు ఫ్రీవీలు వంటి పండ్లచక్రము ఒక్కొక్క శక్తికిని ఇరుసునకును నడుమ అమర్చబడియుండును. రెండింటిలో ఏది ముమ్మరముగా తిరుగుచున్నదో అది ఇరుసును పట్టి లాగును. వెనుకబడినది టకటకమని జారుచు ఊరక తిరుగును. గణితము తెలియదు, ఆలోచన లేదు. ఇత్తడి పండ్లు తమంతట తామే రెండు సంఖ్యలలో పెద్దదానిని ఎన్నుకొనుచున్నవి. నేటి మీటరులో ఇత్తడికి మారుగా చక్రపు తిరుగుడును విద్యుత్ స్పందనలుగా మార్చు గ్రాహకమును, స్పందనలను లెక్కించు చిన్న చిప్పును ఉన్నవిగాని, న్యాయము మాత్రము పాతదే.

చక్రమును లెక్కించి దారిని కొలుచు ఉపాయము టాక్సీకంటె రెండువేల యేండ్లు పెద్దది. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దమున రోమనుడైన విట్రూవియస్ తన వాస్తుగ్రంథమున ఒక బండిని వర్ణించెను: దాని చక్రము 400 మారులు తిరిగిన 5000 అడుగులు, అనగా ఒక రోమను మైలు పూర్తియగును, అప్పుడొక గులకరాయి కంచుపెట్టెలో ఖంగున పడును, దినాంతమున రాళ్లు లెక్కపెట్టుకొన్న ఎన్ని మైళ్లు నడిచినదియు తెలియును. దూరమునకు కాలమును జతచేసి కిరాయిగా చూపు మీటరును జర్మనీ దేశస్థుడు ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ గుస్తావ్ బ్రూన్ 1891లో రూపొందించెను. 1897లో డైమ్లర్ సంస్థవారు మీటరు బిగించిన మోటారు బండిని స్టుట్‌గార్ట్ నగరమున కిరాయికి నడపు వ్యాపారి కొకనికి అమ్మిరి. న్యూయార్కునకు ఆ విద్య వచ్చిన కథలో ఒక చిన్న కడుపుమంట కలదు. 1907లో హ్యారీ అలెన్ అను యువకుని యొద్ద గుర్రపుబండివాడు ముక్కాలు మైలుకు 5 డాలర్లు గుంజెనట. ఆ కోపముతో అతడు ఫ్రాన్సు నుండి 65 మోటారు బండ్లు తెప్పించి, మీటర్లు పెట్టించి, ఆ యేడాది అక్టోబరులోనే వీధిలోనికి దింపెను. మన వీధులలో జట్కావానితో బేరమాడి అలసిన పెద్దలకు ఆ కోపము బోధపడకపోదు.

చక్రము లెక్కించుటలో ఒక చిక్కు కలదు. యంత్రమునకు తెలిసినది చుట్ల సంఖ్యయే గాని దూరము కాదు. చుట్టునకు ఇంత దూరమని ఎవరో దానికి ముందుగా చెప్పియుండవలెను. 60 సెంటీమీటర్ల వ్యాసము గల చక్రము ఒక చుట్టునకు 188 సెంటీమీటర్లకు పైగా నడచును. కిలోమీటరుకు సుమారు 531 చుట్లు. టైరు చుట్టును 6 మిల్లీమీటర్ల మందము అరిగిపోయినదనుకొందము: వ్యాసము 58.8 సెంటీమీటర్లకు దిగును, అదే కిలోమీటరుకు చక్రము 541 చుట్లు తిరుగును. మీటరునకు అరుగుదల సంగతి తెలియదు గనుక ఆ పది చుట్లను కూడ కొత్తటైరు చుట్లుగానే ఎంచి, కిలోమీటరును 1020 మీటర్లుగా చూపును. నూటికి రెండు వంతులు! నగరములో పది కిలోమీటర్ల దారికి ఇది లెక్కలోనికి రాదు. కాని సూర్యాపేట నుండి శంషాబాదునకు డ్యాషుబోర్డుపై రీడింగు చూచి లెక్క కట్టుకొనునపుడు నూటయేబది కిలోమీటర్లకు మూడు కిలోమీటర్లు గాలిలోనుండి పుట్టుకొనివచ్చును. ఇందులో డ్రైవరు దోషము లేదు. అరిగిన టైరుతో నడచుట అతనికే ప్రమాదము. మన దేశమున టాక్సీ, ఆటో మీటర్లను తూనికలు కొలతల శాఖవారు సరిచూచి సీలు వేయుట ఇందుకే. కిరాణా కొట్టులోని తక్కెడకును, ఆటో మీటరునకును ఆ శాఖ యెదుట భేదము లేదు.

ఇప్పుడు ఎర్రదీపము దగ్గర ఉలికిపడిన మన గృహస్థుని అనుమానమునకు మరలుదము. 'వీడు కావలెనని నన్ను రద్దీలో ఇరికించుచున్నాడు' అను తలపు పరదేశమున ఎవరికైనను పుట్టును. లెక్క వేసి చూడుడు. బండి గంటసేపు అంగుళము కదలక నిలిచినచో నిమిషమునకు 70 సెంట్ల చొప్పున డ్రైవరునకు 42 డాలర్లు ముట్టును. అదే గంటలో ఖాళీదారిపై 36 మైళ్లు, అనగా 58 కిలోమీటర్లు పోయినచో మైలునకు మూడున్నర డాలర్ల చొప్పున 126 డాలర్లు. ఇంతటి వ్యత్యాసము ఉండగా రద్దీని కోరి వెదకు డ్రైవరు ఎక్కడను ఉండడు. అతనికిని ఆ ఎర్రదీపము శత్రువే. నా మట్టుకు, మీటరును గూర్చి తెలిసికొనవలసినదానిలో మిక్కిలి ఉపకరించు సంగతి ఇదియే యని తోచును. అనుమానింపవలసినది నిలిచిన బండిని కాదు, ఖాళీగా విశాలముగానున్న దారిలో చుట్టు తిరిగి హాయిగా పరుగెత్తు బండిని. మీటరునకు అన్నిటికంటె లాభము కలిగించు దారి అదియే గనుక.

ఈ మాట ఊహ కాదు. ఏథెన్సు నగరమున కొందరు ఆర్థికశాస్త్రజ్ఞులు 348 టాక్సీ ప్రయాణములు చేయించి, 2013లో ఫలితములను ప్రకటించిరి. ఒకే దారికి మూడు రకముల ప్రయాణికులను ఎక్కించిరి: ఆ ఊరివాని వలె మాటలాడువాడు, గ్రీకు భాషయే మాటలాడుచు ఊరికి కొత్త యని చెప్పువాడు, ఆంగ్లము మాటలాడు విదేశీయుడు. ప్రతివానియొద్దను దారిని నమోదుచేయు పరికరము రహస్యముగా ఉండెను. ఊరికి కొత్త యన్నవారిని, స్వదేశీయుడైనను విదేశీయుడైనను, హెచ్చు దూరము త్రిప్పిరి. విదేశీయునికి మాత్రము అదనముగా, లేని రుసుములు చేర్చి, వర్తింపని ధర వేసి లెక్క పెంచిరి. దారి తెలియకపోవుట ఒక బలహీనత, ధర నిబంధనలు తెలియకపోవుట మరియొకటి. మోసము ఒక్కొక్క బలహీనతను గుర్తించి దాని తీరున దానిని వాడుకొనుచున్నదన్నమాట. వైద్యుడు, మెకానికు, టాక్సీవాడు అను ముగ్గురియొద్దను మనము ఒకే స్థితిలో నుందుము: మనకు ఏమి అవసరమో చెప్పువాడును వాడే, దానిని చేసి డబ్బు పుచ్చుకొనువాడును వాడే.

విమానాశ్రయమున దిగువారిలో కొత్తవారే హెచ్చు గనుక కొన్ని నగరములు ఆ దారులకు మీటరును తీసివేసి కట్టుధరలు పెట్టినవి. కెన్నెడీ విమానాశ్రయమునుండి మాన్‌హాటన్ దీవికి ఎక్కడికైనను 70 డాలర్లు. టోలును, సాయంకాలపు రద్దీ రుసుమును, ఇచ్చుకొను బహుమానమును దీనికి వేరు. ప్యారిసు వారు 2016 మార్చి నుండి తమ పెద్ద విమానాశ్రయమునకు కట్టుధరలు నిర్ణయించి, సీన్ నదికి కుడిగట్టునకు ఒకటి, ఎడమగట్టునకు కొంచెము హెచ్చుగా మరియొకటి ఉంచిరి. కట్టుధర వచ్చుటతోడనే చుట్టుదారి త్రిప్పు కోరిక దానంతట అదియే నశించును, ఏలయన ఇప్పుడు ప్రతి అదనపు కిలోమీటరును డ్రైవరు జేబునుండియే పోవును. రద్దీలో పోవు గంట కూడ మరల అతని నెత్తినే పడును. మన ముంగిలిలో కుదిరిన బేరమును ఇట్టిదే, పరిచయము చేయు పనిని అక్కడ మునిసిపాలిటీ శాసనము చేయుచున్నది. దుబాయిలో ఇంకొక ఉపాయము: విమానాశ్రయమున ఎక్కిన టాక్సీ మీటరు 25 దిర్హములతో మొదలగును, వీధిలో ఆపి ఎక్కినప్పటికంటె ఎన్నో రెట్లు. కూలిపనికై మొదటిమారు పోవు మనవారికి ఆ తొలి అంకె చూడగానే గుండె జారును గాని, అది విమానాశ్రయపు వరుసలో డ్రైవరు పడిగాపులు పడిన కాలమునకు వెల. అది లేనిచో వాడు దగ్గరి బేరమును ముఖము చిట్లించి తిరస్కరించును.

ఇక దారి యెన్నుకొనుట. మిర్యాలగూడనుండి శంషాబాదునకు పోవు డ్రైవరుకు రెండు దారులు కలవు: నల్లగొండ మీదుగా నార్కట్‌పల్లి చేరి విజయవాడ రహదారి పట్టి, పెద్దఅంబర్‌పేట వద్ద బాహ్యవలయ రహదారి యెక్కుట, లేక హాలియా, మాల్, ఇబ్రహీంపట్నముల మీదుగా సాగర్ రహదారిలో పోయి బొంగులూరు వద్ద అదే వలయము నెక్కుట. ఏది మేలో ఆ దినపు లారీలను, పెండ్లి ముహూర్తములను, రాత్రి వెలుతురును బట్టి మారును. ఇట్టి ప్రశ్నకు తప్పని ఉపాయమును ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అను డచ్చి శాస్త్రజ్ఞుడు 1956లో ఆమ్‌స్టర్‌డామ్ నగరపు కాఫీ అంగడిలో, కాగితము కలము లేకయే, ఇరువది నిమిషములలో కనుగొని 1959లో ప్రకటించెను. బయలుదేరిన చోటినుండి ప్రతి కూడలికిని ఇంతవరకు తెలిసిన తక్కువ కాలమును వ్రాసికొనవలెను. ఇంకను తేలనివానిలో అన్నిటికంటె తక్కువ ఉన్న కూడలిని ఇక మార్చనక్కరలేదని ముద్రవేసి, దాని ప్రక్క కూడళ్ల లెక్కలను దిద్దవలెను. గమ్యమునకు ముద్ర పడువరకు ఇట్లే చేయుచు పోవలెను. నల్లగొండకు ముద్ర పడుదాక నార్కట్‌పల్లి లెక్క తేలదు. నార్కట్‌పల్లి తేలుదాక పెద్దఅంబర్‌పేట తేలదు. ఫోనులోని పటము దారి చూపునపుడు దీనినే, ఎన్నో మెరుగులు దిద్ది, లక్షల కూడళ్లపై నడపుచున్నది. కోదాడనుండి వచ్చువానిని ఎల్‌బీనగరు మీదుగా నగరము మధ్యకు పోనీయక వలయ రహదారి చుట్టు త్రిప్పునపుడు అది తప్పు చేయుట లేదు. కూడవలసినది కిలోమీటర్లు కాక నిమిషములైనపుడు చుట్టుదారియే దగ్గరదారి యగును. ఏథెన్సు మోసగానికిని దీనికిని భేదము ఉద్దేశములోనే కలదు, పటముపై గీతలో లేదు.

లండనులో యీ పనిని ఇప్పటికిని తలతోనే చేయుదురు. నల్లటాక్సీ నడపుటకు అనుమతి కోరువాడు చారింగ్‌క్రాసు చుట్టును ఆరు మైళ్ల లోపలి సుమారు 25000 వీధులను కంఠతా పట్టి పరీక్షకులయెదుట ఒప్పగింపవలెను. మూడు నాలుగేండ్లు పట్టు తపస్సు అది. ఎలియనార్ మెగ్వైర్ అను శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో ఈ డ్రైవర్ల మెదళ్లను ఎమ్ఆర్ఐ యంత్రముచే చిత్రించి, స్థలస్మృతికి నెలవైన హిప్పోక్యాంపసు వెనుక భాగము వారిలో ఇతరులకంటె పెద్దదిగా ఉన్నదనియు, ఉద్యోగమున గడచిన యేండ్లకొలది ఆ భేదము హెచ్చినదనియు 2000 సంవత్సరమున తెలిపెను. వయసు వచ్చినవారి మెదడు కూడ అభ్యాసమునుబట్టి రూపు మార్చుకొనునని లోకమునకు నచ్చజెప్పిన పరిశోధనలలో ఇది యొకటి.

తలకు బదులు ఫోనును నమ్మువారికి ఆకాశమున సాక్షులు కావలయును. 20200 కిలోమీటర్ల యెత్తున తిరుగు జీపీఎస్ ఉపగ్రహములు తమ గడియారపు కాలమును నిరంతరము చాటుచుండును. ఫోను ఆ సంకేతము బయలుదేరిన వేళను, చేరిన వేళను పోల్చి దూరము కట్టును. ఫోను గడియారము చవుకది గనుక దాని తప్పును కూడ కనుగొనుటకు కనీసము నాలుగు ఉపగ్రహములు కనబడవలెను. కాంతి మైక్రోసెకనునకు 300 మీటర్లు పోవును. గడియారములో ఆ మాత్రపు పొరపాటున్నను టాక్సీ పక్కవీధిలోనికి దూకును. అంతేకాక ఐన్‌స్టీన్ సాపేక్షసిద్ధాంతము చెప్పినట్లు, భూమ్యాకర్షణ తక్కువగానున్న అంత ఎత్తున గడియారము దినమునకు 45 మైక్రోసెకన్లు త్వరపడును, వేగము వలన 7 వెనుకబడును. మొత్తముమీద 38 మైక్రోసెకన్ల తేడా. దానిని దిద్దనిచో ఒక్క దినములో 11 కిలోమీటర్ల తప్పు పోగుపడును. మనవారు శ్రీహరికోటనుండి 2013 జూలై 1న తొలి ఉపగ్రహమును పంపి మొదలుపెట్టిన నావిక్ వ్యవస్థలోని గడియారములకును ఈ సవరణ తప్పదు.

ఇంతటి విద్యయు విమానాశ్రయపు గుమ్మమునొద్దనే తడబడును. అంతస్తులుగా కట్టిన చోట దిగువారికి ఒక దారి, ఎక్కువారికి దానిపైన మరియొక దారి. పటముపై రెండును ఒకే గీత. కాంక్రీటు కప్పు క్రింద ఉపగ్రహములు కనబడవు, గోడలకు తగిలి వంకరగా వచ్చిన సంకేతము దూరమును పొడిగించి చెప్పును. ఉపగ్రహములన్నియు తలపైననే గాని కాలిక్రింద లేవు గనుక ఎత్తును కనుగొనుటలో తప్పు మరియు హెచ్చు. కనుకనే ఫోనులో కారుబొమ్మ సరిగ్గా నీ కాళ్లయొద్దకు వచ్చి నిలిచినను కారు మాత్రము కనబడదు. అది నీ తలపైన పై అంతస్తులో నిలిచి, డ్రైవరు అక్కడినుండి ఫోను చేసి ఏ స్తంభమని అడుగుచుండును. సంతానమును చూడబోవు మన పెద్దలు ఆంగ్లము రాదని జంకవలసిన పనిలేదు. స్తంభముపైనున్న అంకెను, గుమ్మపు అక్షరమును పైకి చదివిన చాలును.

యాప్ టాక్సీలవారు మీటరునకు బదులు ముందుగానే ఒక మొత్తము చెప్పుదురు. ఆ మొత్తము దారి లెక్కనుండియు, ఆ గడియలో ఎందరు కార్లు కోరుచున్నారను లెక్కనుండియు పుట్టినది; అందుచేత ఒకేమారు నాలుగు పెద్ద విమానములు దిగిన వేళ పెరిగి, అరగంట ఆగి చూచినచో తగ్గుటయు కలదు. పెట్టెలు చేతికి వచ్చి కస్టమ్సు దాటకమునుపే బుక్కు చేయు తొందర వలన కారు ముందే వచ్చి, నిరీక్షణ రుసుము పడుట మొదలిడును. పసుపు టాక్సీ యెక్కినవారు దిగునపుడు అచ్చుచీటీ అడిగి పుచ్చుకొనవలెను. అందు ఎక్కిన దిగిన వేళలు, మైళ్లు, రుసుములు, టాక్సీ అనుమతికి గుర్తగు మెడాలియను నంబరు ఉండును. వెనుకడిక్కీలో మరచిన పెట్టెకొరకు న్యూయార్కు అధికారులకు ఫిర్యాదు చేయునపుడు వారు మొదట అడుగునది ఆ నంబరే. అది ఉన్నచో ఆ బండి ఎక్కడనున్నదో, ఎవరు నడపుచుండిరో వారికి సులభముగా తెలియును.